గన్ను మూతికి పట్టిన ఇనుప గింజలు

వెల్డింగు షాపులో నా పని గీకడం. మగవాళ్లు ఇనుప పైపులు అతికించి పక్కన పెడతారు. అతుకు చుట్టూ ఆవాలంత, మెంతులంత ఇనుప గింజలు చల్లినట్టు అంటుకుని ఉంటాయి. వాటిని ఉలితో గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి రంగు వేసే మూలకు తోయాలి. సూరత్‌లో, లింబాయత్ సందుల్లో ఒక రేకుల షెడ్డు మా షాపు. మరమగ్గాల కార్ఖానాలకు కావలసిన ర్యాకులు, స్టాండ్లు, పడుగు చుట్టిన బరువైన బీములను మోసే ట్రాలీలు అక్కడ తయారవుతాయి.

ఆ గింజలను షాపులో స్పాటర్ అంటారు. నాకు గింజలు అనడమే అలవాటు. పనిలో చేరిన నాటినుంచీ నా ధ్యాస వాటి మీదే. కొన్ని గోరు తగిలితే రాలిపోతాయి. కొన్నిటికి ఉలి దెబ్బ కూడా చాలదు. ఒకే మంటలోంచి ఎగిరి ఒకే ఇనుము మీద పడ్డవాటికి ఇంత తేడా ఎందుకు? అసలు అవి ఎక్కడినుంచి వస్తాయి? వెల్డింగు జరిగేటప్పుడు కళ్లు పోతాయని మమ్మల్ని అటు చూడనివ్వరు. అందుకని గింజలు పుట్టడం నేను ఎన్నడూ చూడలేదు, పడ్డాక చూడటమే.

షాపును నడిపేది ఒక మేస్త్రీ. మా కొడుకు వయసువాడు. వాళ్ల నాన్న కూడా మావైపునుంచే మగ్గాల పనికి వచ్చాడు. ఇతను ఇక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగులో హిందీ, గుజరాతీ కలిపేస్తాడు. గింజల గురించి నేను అడిగినప్పుడల్లా నవ్వేవాడు.

"పెద్దమ్మా, గింజలు గీకనీకి పెట్టుకున్నరు నిన్ను. గింజల జాతకం చెప్పనీకి గాదు."

"జాతకం నువ్వు చెప్పు, నేను గీకుత" అనేదాన్ని.

మా ఆయన కూడా ఆ షాపులోనే వెల్డింగు చేస్తాడు. వయసులో ఉన్నప్పుడు మా ఊరినుంచి సూరత్ వచ్చి, జీవితంలో ఎక్కువ భాగం మరమగ్గాల మీద గడిపాడు. మగ్గాల చప్పుడుకు చెవులు మందగించాయి. ఆయనతో మాట్లాడాలంటే నాకు గొంతు అక్కర్లేదు, పెదవులు కదిలితే చాలు. మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లందరూ అలాగే మాట్లాడుకుంటారు. ఆయన పనిచేసిన కార్ఖానాలో పాత మగ్గాలు తీసేసి, నీళ్లతో నడిచే కొత్తవి పెట్టినప్పుడు పాతవాళ్లను వద్దన్నారు. అప్పుడు కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాడు. గడప దగ్గర కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకునేవాడు. ఆ రోజులు మళ్లీ రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు. ఈ మేస్త్రీయే ఆయనను పిలిచి, తీగ కరిగించి ఇనుము అతికించే గన్ను చేతికిచ్చి, ఆ వయసులో వెల్డింగు నేర్పాడు. ఆ తరువాత నన్నూ పనికి రమ్మన్నాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ రోజుల్లోనే. సాయంత్రాలు మా కోడలు చెప్పేది, మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపులో నేను దిద్దుకునేదాన్ని. ఇనుము మీద కొలత గుర్తులు పెట్టడానికి వెల్డింగువాళ్లు వాడే తెల్లటి పుల్ల మరేమిటో కాదు, బడిపిల్లల బలపమే. నేను బడికి పోలేదు గానీ బలపం మాత్రం నన్ను వెతుక్కుంటూ వెల్డింగు షాపుకు వచ్చింది. పలక బదులు ఒక తుక్కు రేకు పెట్టుకున్నాను. దాని మీద లావుగా, తెల్లగా అ, ఆ, ఇ, ఈ రాసి, తుడిచి, మళ్లీ రాసేదాన్ని.

ఒకరోజు జోల్వా అనే ఊళ్లోని మగ్గాల కార్ఖానానుంచి టెంపో వచ్చి మా ట్రాలీ ఒకటి దింపి వెళ్లింది. కాలి దగ్గర అతుకు విడిపోయి ట్రాలీ ఒరిగిపోయింది. బీము కింద పడి, దాని మీది నూలు చిక్కుపడి పాడైందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అతుకు వేసింది మా ఆయన.

షాపు యజమాని గుజరాతీ శేఠ్. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ట్రాలీ విరిగిన కాలు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మేస్త్రీతో మెల్లగా చెప్పాడు. జోల్వాకు వెళ్లవలసిన ట్రాలీలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఒక్క అతుకు విడిపోయినా ఈయన చేతిలోంచి గన్ను తీసేయ్. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టు, వచ్చేపోయే బళ్లను చూసుకుంటాడు.

శేఠ్ దృష్టిలో అది దయే. మా ఆయన శేఠ్ పెదవులు చదివాడు. నాకు వెంటనే మా గడప, మోకాళ్ల మీద ఆ రెండు చేతులు కళ్లముందుకు వచ్చాయి. ఆయన మాస్కు దించుకుని పనిలో పడ్డాడు.

శేఠ్ వెళ్లాక నేను విరిగిన అతుకు దగ్గర కూర్చున్నాను. పైనుంచి చూస్తే అది నున్నగా, నిండుగా ఉంది. విరిగినచోట చూస్తే లోపలంతా బెజ్జాలు. పుచ్చిన శనగను రెండు చేసి చూసినట్టుంది. మేస్త్రీని పిలిచి చూపించాను.

"గీ బెజ్జాలు ఎట్ల వచ్చినయ్?"

ఈసారి అతను నవ్వలేదు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తీగె కరిగే జాగల గాలి తగలొద్దు పెద్దమ్మా. గందుకే గన్నులకెళ్లి గ్యాస్ వదుల్తం. కరిగేదాని చుట్టూత గొడుగు లెక్క ఉంటది. గొడుగుకు చిల్లు వడితె వాన లోపలికి రాదా? గిట్లనే గాలి సొచ్చి బుగ్గలు బుగ్గలు అయితది."

"గొడుగుకు చిల్లెందుకు వడ్డది?"

"గదే కాకాను అడగాలె" అంటూ మా ఆయన గన్ను తెచ్చి, దాని మూతికున్న ఇత్తడి గొట్టం తిప్పి ఊడదీశాడు. దాన్ని నాజిల్ అంటారు. బొటనవేలు దూరేంత ఉంటుంది. దాని మధ్యలోనుంచి తీగ వచ్చే సన్నటి టిప్పు ఉంది. టిప్పు వెనకాల చుట్టూ చిన్న చిన్న చిల్లులున్న ఒక ముక్క ఉంది. గ్యాస్ వచ్చేది ఆ చిల్లుల్లోంచి. వాటిలో సగం కనపడటం లేదు. నల్లటి జిడ్డు నిండిపోయి ఉంది. నాజిల్ లోపల గింజలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, వాటి మధ్య కూడా అదే జిడ్డు.

నేను దాన్ని వాసన చూశాను. ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్లు ఆయన చొక్కాల్లోంచి సబ్బు పెట్టి వదలగొట్టిన వాసన అది. మగ్గానికి పోసే నూనె.

మా ఆయన భుజం తట్టి పిలిచాను.

"ఏందయ్యా, గిండ్ల నూనె వోసినవా?"

"వోసిన" అన్నాడు, చెవుడు ఉన్నవాళ్లు మాట్లాడినట్టు షెడ్డంతా వినపడేలా. "గింజలు వట్టుకోవద్దని వోసిన. పొద్దున ఒకపారి, పగటీలి ఒకపారి. మగ్గానికి నూనె వోయకుంటె నడుస్తదా?"

"గిది మగ్గమా మరి?"

"ఇనుము ఇనుమే గదనే."

గోడకున్న మేకుకు పొడుగు ముక్కు నూనె డబ్బా వేలాడుతోంది. మగ్గాల కార్ఖానా మానేసిన రోజున ఇంటికి తెచ్చుకున్నది. షాపుకు ఎప్పుడు తెచ్చాడో నేను గమనించలేదు. మేస్త్రీ దానివైపు చూసి, మా ఆయనకు కనిపించేలా మొహం తిప్పి అన్నాడు.

"అరే కాకా! మగ్గం నిన్ను ఎన్నడో ఇడిసిపెట్టింది. నువ్వే దాన్ని ఇడుస్తలేవు. నూనె కాలితె పొగ, పొగల అతుకేస్తె బెజ్జాలు. పైంగ గ్యాస్ చిల్లులన్నీ బంద్ చేసినవ్. బధు ఖరాబ్, అంత పాడు!"

మా ఆయన పొడుగు ముక్కు డబ్బా తీసి బెంచీ కిందకు తోసేశాడు. ఆ చిల్లులను మేస్త్రీ సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేసి, గన్ను తిరిగి బిగించాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను, అవలేదు. నూనె మానేసిన రోజునుంచీ గింజలు ఇంకా గట్టిగా పట్టడం మొదలుపెట్టాయి. కొన్ని అతుకులు వేసేసరికి నాజిల్ మూతి పూడుకుపోయేది. అప్పుడాయన గన్ను తిప్పి బల్ల అంచుకు ఠంగుఠంగుమని కొట్టేవాడు. గింజలు రాలేవి గానీ నాజిల్ మూతి నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మూతి వంకర అయితే గ్యాస్ ఒక పక్కకే పోతుందని మేస్త్రీ కేకలు వేశాడు. మాట వరసకు కేకలు వేశాడే గానీ అక్కడ అందరూ కొట్టేవాళ్లే, అతనితో సహా. షాపులో పొద్దంతా ఆ చప్పుడే.

"నూనె వోస్తె ఒక తంటా, వోయకుంటె ఒక తంటా" అన్నాడు మా ఆయన ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ. ముద్ద నోట్లో పెట్టుకోకుండా గేటువైపు చూశాడు. అక్కడ కుర్చీ ఇంకా వేయలేదు. అయినా ఆయనకు కనిపిస్తోందని నాకు తెలుసు.

మర్నాడు మేస్త్రీని అడిగి నాజిళ్లు శుభ్రం చేసే పని నేను తీసుకున్నాను. చల్లారిన నాజిల్‌ను ఊడదీసి చేతికిస్తే, లోపలి గింజలను ఊడగొట్టి తిరిగి ఇవ్వాలి. మొదట నేను నా ఉలినే వాడాను. గింజలు వచ్చాయి గానీ ఇత్తడి మీద గీతలు పడ్డాయి. ఆ గీతలున్నచోట మరునాడు గింజలు మరింత గట్టిగా పట్టుకున్నాయి. నున్నటి గోడకంటే గరుకు గోడకు పిడక బాగా పట్టినట్టు. దాంతో ఉలి మానేసి, గుండ్రటి కర్రముక్కకు ఇత్తడి బ్రష్షు కట్టి తిప్పడం మొదలుపెట్టాను. పేరుకున్న గింజలు ఒక్కొక్కసారి గాజులాగా, మొత్తం ఒక వలయంగా ఊడి వచ్చేవి. ఆ వలయాలను నేను పారేసేదాన్ని కాదు, వెలుతురుకు పట్టి చూసేదాన్ని. ఇత్తడిని అంటుకుని ఉన్నది మొదటి వరస గింజలే. మిగతావన్నీ ఆ గింజలను అంటుకుని ఉన్నాయి. అంటే మొదటి గింజ నిలవకుండా చేయగలిగితే రెండోదానికి కాలు పెట్టే చోటు ఉండదు. కానీ మొదటి గింజను ఆపేదెలా?

ఆ ప్రశ్న బుర్రలో ఉండగానే ఒక మధ్యాహ్నం నా రేకు పలక కోసం వెతికాను. ముందురోజు దాన్ని వెల్డింగు బల్ల పక్కన ఆనించి మరిచిపోయాను. రాసినవి తుడవలేదు కూడా. రేకంతా గింజలు పడి అంటుకున్నాయి. చేత్తో తుడిచాను. అక్షరాల మీద పడ్డ గింజలు అరచేతికి జలజలా రాలిపోయాయి. అక్షరాలకు ఇటూ అటూ, ఉట్టి ఇనుము మీద పడ్డవి కదలలేదు. గింజల మధ్య ఇ, ఈ ఒంపులు తిరిగి ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. నేను రేకును ఒళ్లో పెట్టుకుని మళ్లీ మళ్లీ తడిమి చూశాను. బలపం పొడి మందంగా ఉన్నచోట గింజకు ఇనుము తగలలేదు. పొడి మీద పడి, పొడితోపాటే రాలింది.

అప్పుడు మా అమ్మ చేతులు గుర్తుకొచ్చాయి. కట్టెల పొయ్యి మీద గిన్నె ఎక్కించేముందు గిన్నె అడుగుకు తడి మట్టి పూసేది. వంట అయ్యాక మసి ఆ మట్టికి పట్టి ఉండేది, గిన్నెకు కాదు. రెండు చెంబుల నీళ్లు పోస్తే మట్టి, మసి కలిసి కారిపోయేవి. మట్టి పూయని రోజున నాకు చేతులు నొప్పిపుట్టేదాకా తోమడమే.

రేకు పట్టుకుని మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను.

"ఇగో చూడు! మన్ను వూసిన గిన్నె లెక్క అయింది. నాజిలుకు గిట్ల ఏమన్న వూద్దాం."

అతను రేకు మీద వేళ్లతో గీకి చూశాడు. 

"సుద్ద వూస్తె ఆరినంక గ్యాస్ గాలికి లేచి అతుకుల వడ్తది పెద్దమ్మా. గది నడువదు. గని..." అంటూ బెంచీ కిందకు వంగి, తుక్కులో చెయ్యి పెట్టి, ఒక చిన్న గుండ్రటి డబ్బా తీశాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మూత తీస్తే లోపల మైనంలాంటి ముద్ద. "గిది గా పనికే వస్తది. నాజిల్ ముంచే జెల్. శేఠ్ ఎన్నడో కొన్నడు."

"మరి వాడ్తలేరెందుకు?"

"వాడినం. వాడితె ఇంకింత ఖరాబైంది. బెజ్జాలే బెజ్జాలు. గందుకే పారేసినం."

"ఎట్ల వాడిన్రు?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఎట్లంటె... చట్నీల ఫాఫ్డా ముంచినట్టు ముంచిన్రు అందరు. మెడ దాక."

నాకు నవ్వాగలేదు. మా అమ్మ గిన్నె లోపల కూడా మట్టి పూసి ఉంటే మేమేం తినేవాళ్లం?

"మూతికే గద వూయాలె" అన్నాను. "మసి వట్టే జాగకే. లోపలికి ఎందుకు వోవాలె?"

"చూద్దాం తీ. పోయేదేమున్నది" అన్నాడు అతను.

కొత్త నాజిల్ ఒకటి బిగించి చూశాం. మొదట చల్లటి నాజిల్‌తోనే జెల్‌ను తాకించాం. అది ఉండలాగా ఒకే చోట పట్టి, మిగతా అంచుకు అంటలేదు. మా ఆయన అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "పెనం కాలకముందే నూనె వేస్తిరి" అన్నాడు. అది నా మాట. ఇంట్లో కోడలితో రోజూ నేను అనే మాట, ఆయన నా పెదవుల మీద ఎన్నిసార్లు చదివాడో. గన్ను తీసుకుని, ఒక తుక్కుముక్క మీద చిన్న గీత అంత వెల్డింగు చేసి, వేడెక్కిన మూతిని తిన్నగా కిందకు పట్టి, అంచు మాత్రం డబ్బాలో తాకించాడు. జెల్ కరిగి చుట్టూ పలచగా పాకింది. మూతి కిందకే ఉండగా చుక్క రాలనిచ్చి, అంచును గుడ్డతో అద్దాడు. లోపల చూస్తే చిల్లులకు ఏమీ అంటలేదు.

కొన్ని అతుకులు వేశాక నాజిల్ ఊడదీసి నా చేతికిచ్చారు. లోపల గింజలు ఉన్నాయి. లేకుండా పోలేదు. కానీ కర్ర పెట్టి ఒక్కసారి తిప్పగానే రాలి నా చీర కొంగులో పడ్డాయి. బల్లకు కొట్టవలసిన పని లేదు. ఇత్తడి లోపల నున్నగా మెరుస్తోంది.

ఇంక మిగిలింది ఒకటే. జెల్ పూసినా గింజలు కొద్దికొద్దిగా పడుతూనే ఉంటాయి. ఎప్పుడు ఆపి శుభ్రం చేయాలో తెలియాలి. మిగతా వెల్డింగువాళ్లకు అది చెవికి తెలుస్తుంది. అతుకు సరిగ్గా పడుతున్నప్పుడు చప్పుడు కాగిన నూనెలో సకినాలు వేగుతున్నట్టు ఒకే తీరుగా ఉంటుంది. నాజిల్ పూడుకుంటే పేలాలు వేగినట్టు పటపటమంటుంది. మా ఆయనకు ఆ తేడా వినపడదు. పూర్తిగా పూడుకునేదాకా అదే నాజిల్‌తో పోతూ ఉంటాడు. జోల్వా ట్రాలీలు ఆయన ముందు వరుసగా నిలబడి ఉన్నాయి.

"నేను ఎనుక కూసుంట" అన్నాను మేస్త్రీతో. "చప్పుడు మారితె భుజం తడ్త."

"కళ్లు?"

"నాకొక మాస్కియ్యి."

అలా మొదటిసారి ఆ నల్లద్దంలోంచి మంటను చూశాను. ఇన్నాళ్లూ అదొక మెరుపనుకున్నాను. లోపల చూస్తే అదొక చిన్న పచ్చటి సూర్యుడు. తీగ కొన మెత్తబడి, చుక్కగా వేలాడి, కింద నెయ్యిలా కరిగి ఉన్న మడుగులో పడుతోంది. చుక్క వెనక చుక్క. అప్పుడప్పుడూ ఒక చుక్క మడుగులో పడీ పడకముందే పగిలి చిందేది. అవే నా గింజలు! కొన్ని పక్కకు, కొన్ని దూరంగా, కొన్ని నేరుగా పైకి లేచి నాజిల్ మూతిలోకి పోతున్నాయి. అతుకులో కలవవలసిన ఇనుమే అది. మెరుస్తూ లేచి, ఇత్తడి తగలగానే ఆరిపోతోంది. భుజం తట్టడానికి కూర్చున్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

చప్పుడు మారగానే ఉలిక్కిపడి తట్టాను. ఆయన ఆగి, నాజిల్ ఇచ్చి, నేను తిప్పి ఇస్తే బిగించుకుని, మూతి జెల్‌కు తాకించి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రోజంతా అదే పని. మిగతావాళ్లకు వేడుకయింది.

"కాకా, ఎనుక హారన్ వెట్టించుకున్నవా?" అన్నాడు పక్క బల్లవాడు.

"హారన్ గాదురా, బ్రేకు" అన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం చప్పుడు కొద్దిగా విరిగినట్టు అనిపించింది. తట్టడానికి చెయ్యి ఎత్తాను. అప్పటికే ఆయన గన్ను ఎత్తేశాడు. పొరపాటున ఆగాడనుకున్నాను. కాసేపటికి మళ్లీ అంతే. నా చెయ్యి భుజందాకా పోకముందే గన్ను పైకి లేచింది. మాస్కు ఎత్తి ఆయన మొహంలోకి చూసి పెదవులు కదిపాను.

"ఇనవడ్డదా?"

"ఇనవడుడేంది?" అన్నాడు. తొడుగు తీసి అరచెయ్యి చూపించాడు. "గీడ తెలుస్తది. తీగె సక్కగ వోతుంటె గన్ను నిమ్మళంగుంటది. పూడుకుంటె లోపల దడదడ కొట్టుకుంటది. మగ్గం గూడ గింతే. పోగు తెగేముంగట చెక్క మీద చెయ్యి వెడితె ఎరుకైతుండె. గా చప్పుట్ల చెవులతోని ఇనెటోడెవడే?"

"మరి గిన్ని దినాలు ఎందుకు తెల్వలె?"

ఆయన తొడుగు మళ్లీ వేసుకున్నాడు. "నూనె వోసినంక కొట్టుకుంటదని అనుకోలె. నూనె వోసినంక మగ్గం కొట్టుకోదు."

ఆ తరువాత కూడా ఆ రోజంతా నేను వెనకే కూర్చున్నాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు. నా చెవికి, ఆయన చేతికి పందెం పెట్టుకున్నట్టు చూస్తూ ఉన్నాను. ఒకటి రెండుసార్లు నా చెవి గెలిచింది. మిగతావన్నీ ఆయనవే.

ట్రాలీలన్నీ పూర్తయ్యాక, రంగు వేయకముందే శేఠ్ వచ్చాడు. మేస్త్రీ మా ఆయన వేసిన ట్రాలీల్లోంచి ఒకటి తనకు నచ్చింది లాగాడు. అదే కాలు, అదే అతుకు. దాన్ని బిగించి పెద్ద సుత్తి ఎత్తాడు. మా ఆయన అటు చూడలేదు. నేలను చూస్తున్నాడు. దెబ్బలు ఆయన వినలేడు, నాకు ప్రతిదీ గుండెలోనే పడుతోంది. మేస్త్రీ చెమటలు కారుతుండగా ఆగాడు. పైపు వంగిపోయింది. అతుకు అలాగే ఉంది. ఎందుకైనా మంచిదని రంపంతో అతుకును అడ్డంగా కోయించి కూడా చూశాడు. లోపల బెజ్జం లేదు, ఇనుము నిండుగా ఉంది. శేఠ్ వేలితో ఆ కోతను ఒకసారి రాసి, తల ఊపి, ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు.

"శేఠ్!" అని మేస్త్రీ వెనకనుంచి అరిచాడు. "గేటు కాడి కుర్చీల నన్ను కూసోబెట్టుండ్రి. సుత్తె కొట్టి కొట్టి నడుము వోయింది!"

శేఠ్‌కు తెలుగు రాదు. నేను మా ఆయన భుజం తట్టాను. తలెత్తి ముందు నా మొహం చూశాడు, తరువాత వంగిన పైపు చూశాడు. దగ్గరికి వెళ్లి అతుకు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు.

ఇప్పుడు మా షాపులో బల్లకు కొట్టే చప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు, కోపం వచ్చినప్పుడు ఇంకా కొడతారు. జెల్ డబ్బా ప్రతి బల్ల మీదా ఉంటుంది. పొడుగు ముక్కు నూనె డబ్బా మా కోడలి కుట్టు మిషను పక్కకు చేరింది. మిషనుకు నూనె ఆయనే పోస్తాడు, ఇంకెవరినీ పోయనివ్వడు.

నాకు మాత్రం ఒక సంగతి ఇంకా తేలలేదు. చుక్క పగిలి చిందినప్పుడు ముక్కలు ముక్కలుగా, ఎలా పడితే అలా కదా ఎగరాలి? గుండ్రంగానే ఎందుకు దొరుకుతాయి? మేస్త్రీని అడిగితే చేతులు జోడించాడు. అన్నం తినేటప్పుడు ఒక గింజను మా ఆయన అరచేతిలో పెట్టి అదే అడిగాను. ఆయన దాన్ని బొటనవేలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ముక్కలయ్యెటప్పుడు నువ్వు చూసినవా?"

"చూసిన. పగిలింది."

"మరి కిందికి వడేదాక చూసినవా?"

చూడలేదు. పగలడం చూశాను, పడ్డాక చూశాను. మధ్యలో ఏమవుతుందో చూడలేదు. గిన్నెలు సర్ది మాస్కు కోసం లేచాను.